జ్యూరీ డ్యూటీకి వెళ్లొచ్చి లా స్కూల్ అంటోంది, ఇప్పుడేం చేయాలి?

టెక్సాస్‌లోని ఫ్రిస్కో నుంచి ఒక నాన్నగారు రాసిన మెయిల్ ఇది, కొంచెం కుదించి పెడుతున్నాను. కోర్టు కేసు విని తీర్పు చెప్పడానికి మామూలు పౌరుల్ని పిలవడాన్నే ఇక్కడ జ్యూరీ డ్యూటీ అంటారు.

"మా అమ్మాయి ఇంటి నుంచే వెళ్లొస్తూ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతోంది. మొన్న సెప్టెంబర్‌లో జ్యూరీ డ్యూటీ లెటర్ వచ్చింది. స్టూడెంట్స్‌కి మినహాయింపు ఉంది కదా, ఆ గడిలో టిక్ పెట్టి నేనే పంపిస్తానన్నాను. వినలేదు. తాగి కారు నడిపిన కేసట, ఆరుగురు జ్యూరర్లలో తనూ ఒకతి. రెండు రోజులు క్లాసులు పోయాయి, ఒక క్విజ్ పోయింది. వచ్చిన 78 డాలర్ల చెక్కు బ్యాంకులో వేయకుండా టేబుల్ ముందు గోడకి అంటించుకుంది. ఇప్పుడు ఎమ్మెస్ వద్దు, లా స్కూల్‌కి వెళ్తానంటోంది. రెండింటి ఖర్చు, జీతం, ఉద్యోగ భద్రత పోల్చి చెప్పండి, తనకి చూపిస్తాను. లా తప్పదంటే కనీసం పేటెంట్ లా చేయమని చెప్పండి. నేను మీకు రాసినట్టు తనకి తెలియదు."

నాన్నగారూ, ఇలాంటి మెయిల్ నాకు ప్రతి ఏడాదీ వస్తుంది. పిల్లలు డిబేట్ నుంచో మాక్ ట్రయల్ (ఉత్తుత్తి కోర్టు వాదన పోటీ) నుంచో వచ్చి లా అంటారు, తల్లిదండ్రులు పోలిక అడుగుతారు. పోలిక చెబుతాను. కానీ మీ మెయిల్ రెండోసారి చదివితే నాకు కనిపించింది వేరు. ఇరవై ఏళ్లుగా అనుకున్న దారి రెండు రోజుల్లో ఎలా మారిపోతుంది, నా ఎదుట కూర్చుని అన్నం తినే పిల్ల నాకు తెలియకుండా ఇంత దూరం ఎప్పుడు ఆలోచించింది అన్నదే మీ బాధ. పైగా మన ఇళ్లలో కోర్టు అంటేనే భయం. పొలం గట్టు తగాదాలో ఓడినవాడు కోర్టులో ఏడుస్తాడు, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడు అని వింటూ పెరిగాం. జ్యూరీ అన్నది మన అనుభవంలోనే లేదు. భార్య ప్రియుణ్ని కాల్చి చంపిన నేవీ అధికారి నానావతి కేసులో 1959లో బొంబాయి జ్యూరీ 8-1తో నిర్దోషి అంటే జడ్జి ఒప్పుకోక హైకోర్టుకి పంపారు, అక్కడ శిక్ష పడింది, 1961లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఆ తర్వాత 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ వచ్చేసరికి మన క్రిమినల్ కోర్టుల్లో జ్యూరీ అన్న మాటే లేకుండా పోయింది. అందుకే మీకు ఆ లెటర్ ఒక పీడలా, ఎలాగోలా తప్పించుకోవాల్సిన పనిలా కనిపించింది. మీ అమ్మాయి పుట్టింది ఇక్కడ. తనకది తన ఊరు తనని పిలిచినట్టు అనిపించింది.

నేను ఇంత ధైర్యంగా ఎందుకు చెబుతున్నానంటే నేనూ జ్యూరీ డ్యూటీ చేసే లా స్కూల్‌కి వెళ్లాను. సిటిజన్‌షిప్ వచ్చాక 2008లో నాకు మొదటి లెటర్ వచ్చింది. పెద్ద హాల్లో వందల మందిమి, అందులోంచి ఒక కోర్టు గదికి కొంతమందిమి, అందరి చేతిలో నంబర్ ఉన్న కార్డు. జడ్జి నా పేరు దగ్గర ఆగి, ఎలా పలకాలో నన్నే అడిగి, రెండోసారి సరిగ్గా పలికారు. పద్నాలుగేళ్లు ఉద్యోగం చేసిన ఆఫీసులో ఎవరూ అడగలేదు ఆ మాట. లాయర్లు ప్రశ్నలు వేశారు, మనిషి పడ్డ నొప్పికి డబ్బు రూపంలో విలువ కట్టడానికి మీలో ఎవరికైనా అభ్యంతరమా అని. చివరికి పన్నెండు మందిలో నేను తొమ్మిదో కుర్చీ.

కారు యాక్సిడెంట్ కేసు. దెబ్బలు తగిలిన ఆయన దావా వేశారు. మాకొక ప్రశ్నల కాగితం ఇచ్చారు, అందులో ఎవరి తప్పు ఎంత శాతమో రాయాలి, మొత్తం కలిపితే 100 రావాలి. లోపల రెండు గంటలు కూర్చుని ఆయన తప్పు 55, అవతలి డ్రైవర్ తప్పు 45 అని రాశాం. టెక్సాస్‌లో సివిల్ కేసుకి పన్నెండు మందిలో పది మంది ఒప్పుకుంటే చాలు, ఆ పది మందిలో నేనున్నాను. 50 దాటితే నష్టపరిహారం ప్రశ్నకి జవాబు రాయొద్దని ఆ కాగితంలోనే ఉంది. ఆలస్యమైపోయింది, అందరికీ ఇంటికి వెళ్లాలనుంది, ఆ ప్రశ్న వదిలేసి సంతకాలు పెట్టేశాం. బయటికొచ్చాక కారిడార్‌లో ఆయన భార్య గోడకి ఆనుకుని నిలబడి ఉంది, అప్పుడు తట్టింది నాకు, 45 శాతం కాదు, ఆయనకి ఒక్క డాలర్ కూడా రాదని. ఆ 55 అన్న అంకె మేం 50 అని రాసి ఉంటే? రాయొచ్చు కూడా, అంత దగ్గరగా నడిచింది మా వాదన. ఆ ప్రశ్నతోనే 2010లో సాయంత్రం క్లాసులున్న ఒక లా స్కూల్లో చేరాను. టార్ట్స్ (ఒకరి తప్పు వల్ల ఇంకొకరికి జరిగిన నష్టం గురించిన చట్టం) క్లాసులో ఆ 50 శాతం గీత గురించి ప్రొఫెసర్ చెబుతుంటే నోట్సు రాసుకోలేక పెన్ను పక్కన పెట్టేశాను.

కాబట్టి రెండు రోజుల మోజు అని మాత్రం కొట్టేయకండి. అయితే నేను మీ అమ్మాయి వైపే మాట్లాడుతున్నాననీ అనుకోకండి, తనకి చెప్పాల్సిన మాటే అసలు పెద్దది. జ్యూరర్ కుర్చీ వేరు, లాయర్ కుర్చీ వేరు. జ్యూరర్ ఇద్దరి మాటా విని, తన మనసుకి నిజమనిపించింది చెప్పి ఇంటికి వెళ్తుంది. లాయర్‌కి ఆ సుఖం లేదు, ఒక పక్షం తీసుకోవాలి, అది తనకి నచ్చకపోయినా సరే. పైగా ఈ దేశంలో క్రిమినల్ కేసుల్లో 90 శాతానికి పైగా ట్రయల్ దాకా రానే రావు, చాలావరకు ముద్దాయి నేరం ఒప్పుకునే ప్లీ ఒప్పందాల్లోనే ముగిసిపోతాయి. సివిల్ కేసులు కూడా చాలావరకు సెటిల్ అయిపోతాయి. జ్యూరీ ముందు నిలబడకుండానే రిటైర్ అయ్యే లాయర్లు చాలామంది ఉన్నారు. నేను బార్ (లాయర్ లైసెన్సు పరీక్ష) పాసయ్యాక మూడేళ్లు చేసిన పని కిటికీ లేని గదిలో స్క్రీన్ మీద ఈమెయిల్స్ చదువుతూ ఇది కేసుకి సంబంధించిందా కాదా అని గుర్తు పెట్టడం. గంటకి ఇంత అని ఇచ్చేవాళ్లు. కోర్టు గదిలో నేను గడిపిన మంచి రోజులు జ్యూరర్‌గా గడిపినవే. మీ అమ్మాయి వృత్తిలోని మంచి రోజునే చూసింది, మామూలు మంగళవారం చూడలేదు. తనకి నచ్చింది వాదించడమా, తీర్పు చెప్పడమా, లేక చదువులో ఎప్పుడూ దొరకనిది, నలుగురు తెలియని మనుషులు తన మాట చెవిపెట్టి వినడమా? ఇది అడగాల్సింది మీరే. విచారణలా కాదు, కారులో పక్కన కూర్చుని.

ఇక పేటెంట్ లా. ఈ మధ్య మనవాళ్లలో ఇది బాగా నడుస్తోంది, కంప్యూటర్ సైన్స్ ప్లస్ లా, రెండూ కలిసొస్తాయి, డబ్బుకి డబ్బు, పరువుకి పరువు. నాకు దీని మీద గట్టి అనుమానాలున్నాయి. మొదటిది, పేటెంట్ పనిలో ఎక్కువ భాగం కోర్టు కాదు, రాత. ఒక ఇంజనీర్ కనిపెట్టినదాన్ని క్లెయిమ్‌లుగా (అందులో ఏది తన హక్కో చెప్పే వాక్యాలుగా) రాయడం, పేటెంట్ ఆఫీసు ఎగ్జామినర్ కాదంటే మళ్లీ సర్ది రాయడం. జ్యూరీ గదిలో మనుషుల్ని చూసి కదిలిన పిల్లని తీసుకెళ్లి మళ్లీ స్క్రీన్ ముందే కూర్చోబెడతారా? అయితే తను కోడింగే చేసుకోవచ్చు కదా, ఆ మూడేళ్ల అప్పు ఎందుకు? రెండోది, ఒక్కో అప్లికేషన్‌కి ఇంత అని బేరం కుదుర్చుకునే పని ఇది, రాతలో సగం ఏఐ చేసిపెడుతున్న ఈ రోజుల్లో కంపెనీలు ఆ రేటు ఇంకా తగ్గించమంటాయి తప్ప పెంచవని నా నమ్మకం. మూడోది చాలామంది పేరెంట్స్‌కి తెలియదు, పేటెంట్ అప్లికేషన్లు రాయడానికి లా డిగ్రీయే అక్కర్లేదు. తన కంప్యూటర్ సైన్స్ డిగ్రీతోనే పేటెంట్ ఆఫీసు పరీక్ష రాసి పేటెంట్ ఏజెంట్‌గా పని చేయొచ్చు. ఆ పని నిజంగా నచ్చుతుందో లేదో లా స్కూల్ ఫీజు కట్టకముందే తేలుతుంది. మీరు పేటెంట్ అన్నది తన కోసం కాదండి, రేపు గుడిలో ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి తేలికగా ఉంటుందని. కోపం వస్తే రానివ్వండి, కానీ ఇది చెప్పకపోతే నా పని నేను చేయనట్టే.

అలాగే ఆ టిక్ మార్కు సంగతి. ఇరవై ఏళ్ల మనిషికి కోర్టు పంపిన ఫారం మీరు నింపబోయారు. ఇప్పుడు తన కెరీర్ గురించి తనకి తెలియకుండా నాకు రాశారు. తనకి చూపించడానికి నా జవాబు అడిగారు, అంటే నన్ను మీ పక్షాన లాయర్‌గా పెట్టుకుందామనుకున్నారు. నేను రానండి.

పోలిక అడిగారు కాబట్టి కొన్ని అంకెలు. పెద్ద లా ఫర్మ్‌లలో మొదటి ఏడాది జీతం 2,25,000 డాలర్లు, మీరు విన్నది ఇదే అయి ఉంటుంది. అది దొరికేది ప్రధానంగా పేరున్న కొద్ది స్కూళ్ల వాళ్లకి, మిగతా చోట్ల పై ర్యాంకుల్లో ఉన్న కొందరికి. లాయర్ని పెట్టుకోలేని ముద్దాయిల తరఫున వాదించే పబ్లిక్ డిఫెండర్‌గా చేరితే 70 వేలకి అటూ ఇటూ. రెండింటి మధ్యలో జీతాలు తక్కువమందికి, అందుకే సగటు జీతం చూసి ఎవరూ నిర్ణయం తీసుకోకూడదు. అప్పుల సంగతి ఇంకా ముఖ్యం, 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకి గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ లోన్లు లేవు, లా స్కూల్‌కి ఫెడరల్ లోన్ ఏడాదికి 50,000, మొత్తం మీద 2 లక్షల డాలర్లు దాటదు. అంతకు మించితే ప్రైవేట్ బ్యాంకు, దానికి హామీగా కో-సైన్ చేయాల్సింది మీరే. స్కాలర్‌షిప్ ఇస్తామంటే షరతులు చదవమనండి. నాకు సగం ఫీజు మాఫీ చేసి, గ్రేడ్ 3.0 కన్నా తగ్గితే తీసేస్తామన్నారు, క్లాసులో మార్కులు ఒకరితో ఒకరిని పోల్చి వేస్తారు కాబట్టి కొందరు తగ్గి తీరాల్సిందేనని నాకెవరూ చెప్పలేదు. మొదటి ఏడాది 2.9 వచ్చింది. మిగతా ఫీజంతా అప్పే. ఇప్పుడైతే ఇలాంటి షరతు స్కాలర్‌షిప్‌లు ఎన్ని ఇచ్చారో, ఎన్ని పోయాయో ప్రతి లా స్కూలూ 509 రిపోర్ట్ అని తన సైట్లో పెట్టాలి. అది చూడమనండి. టెక్సాస్‌లో ఉంటున్నారు కాబట్టి ఆస్టిన్, హ్యూస్టన్, ఫోర్ట్‌వర్త్‌లో ఏ అండ్ ఎం, డాలస్‌లో యూఎన్‌టీ లాంటి స్టేట్ స్కూళ్ల ఫీజు మీకు తక్కువ పడుతుంది. ఎమ్మెస్ గురించి ఒక్క మాట, ఇక్కడే డిగ్రీ చేస్తున్న సిటిజన్ పిల్లకి ఎమ్మెస్ అంత అవసరమా అని కూడా ఆలోచించండి. మన కాలంలో అది వీసాకి దారి, తనకి ఆ అవసరం లేదు.

భయపడకండి, నిజంగా చెబుతున్నాను. ఏదీ చేజారిపోలేదు. లా స్కూల్‌కి ఏ డిగ్రీ అయినా సరే, కంప్యూటర్ సైన్స్ వదిలేయాల్సిన పనే లేదు, పూర్తి చేయనివ్వండి. లా స్కూల్ ఎంట్రన్స్ పరీక్ష ఎల్‌శాట్ స్కోరు 5 ఏళ్లు పనికొస్తుంది. డిగ్రీ అయ్యాక ఒకటి రెండేళ్లు ఉద్యోగం చేసి లా స్కూల్‌లో చేరేవాళ్లే ఎక్కువ, ఆ రెండేళ్లలో ఏదైనా లా ఆఫీసులో అసిస్టెంట్‌గా చేస్తే మామూలు మంగళవారం ఎలా ఉంటుందో తెలుస్తుంది. విజయవాడలో పుట్టిన జయ బాడిగ గారు 2024లో కాలిఫోర్నియాలో శాక్రమెంటో కౌంటీ జడ్జి అయ్యారు, ప్రమాణ స్వీకారం రోజు తెలుగులోనూ మాట్లాడారు. మనవాళ్లకి ఇదేం తెలియని లోకం కాదు. మీ అమ్మాయి అక్కడిదాకా వెళ్తుందనో, వెళ్లాలనో నేననను. కానీ మినహాయింపు ఉండి కూడా వాడుకోకుండా వెళ్లి, రెండు రోజులు కూర్చుని, ముక్కూమొహం తెలియని ఒక మనిషి జీవితం గురించి మిగతా ఐదుగురితో మాట్లాడి ఏకాభిప్రాయానికి వచ్చిన పిల్లని మీరే పెంచారు. అలాంటి పిల్ల ఏ దారిలో వెళ్లినా దారి తప్పుతుందని నాకు అనిపించడం లేదు.

ఒక పని చేయండి. కోర్టులు అందరికీ తెరిచే ఉంటాయి, ఎవరైనా వెళ్లి వెనక బెంచీలో కూర్చోవచ్చు. సెమిస్టర్ అయ్యాక ఒక రోజు సెలవు పెట్టి తనతో మీ కౌంటీ కోర్టుకి వెళ్లండి, ట్రయల్ ఉన్న రోజే కాకుండా ప్లీలు, వాయిదాలు నడిచే రోజు కూడా చూడండి. పేటెంట్ మీద అంత మనసుంటే మూడు గంటల దూరంలో మార్షల్ ఉంది, ఆ చిన్న ఊళ్లో ఉన్న ఫెడరల్ కోర్టులో పెద్ద పెద్ద కంపెనీల పేటెంట్ కేసులు జ్యూరీ ముందు నడుస్తాయి. తిరిగొచ్చేటప్పుడు ఇందాక చెప్పిన ఆ ప్రశ్న, తనకి నిజంగా నచ్చింది ఏది అని, అడగండి, అడిగాక మీరు మాట్లాడకండి.

ఈ జవాబు తనకి చూపించే ముందు నాకు రాసిన సంగతి చెప్పేయండి. తర్వాతి మెయిల్ తననే రాయమనండి, మీకు కాపీ పెట్టాలో వద్దో తన ఇష్టం.