ముందు ఆ సంచులు విప్పండి

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. చిన్నప్పుడు ఎంత అడిగినా కొనివ్వని బొమ్మలు ఇప్పుడు పాత సామాన్ల దుకాణాల్లో కనిపిస్తుంటే వదిలి రాలేకపోతున్నాను. బార్బీలు, జుట్టు నిక్కబొడుచుకున్న ట్రోల్ బొమ్మలు, క్యాబేజ్ ప్యాచ్ పిల్లలు, మాట్లాడే ఫర్బీలు అన్నీ కలిపి అరవై దాటాయి. సగం ఇంకా సంచుల్లోనే ఉన్నాయి. కొన్నింటి కాళ్లు జిగురుగా అయ్యాయి, ముక్కిపోయిన వాసన వస్తోంది. మావారికి తెలియకుండా కొన్ని కారు డిక్కీలో దాచాను. ఆయన చూసి, నేను ఇంట్లో లేనప్పుడు ఒక సంచి బయట పారేశారు. ఇది జబ్బు అంటున్నారు. వాటిలో 1966 నాటి బార్బీ ఉంది, ముందు ముందు మంచి డబ్బొస్తుందని చెప్పినా వినరు. ఆరేళ్ల పాపేమో వాటితో ఆడుకుంటానని గోల. నాది నిజంగా జబ్బేనా?

జవాబు: అది బొమ్మల లెక్కను బట్టి తేలే విషయం కాదు. వస్తువుల్ని వదులుకోలేక పోగేసుకోవడాన్ని 2013లో వచ్చిన డీఎస్‌ఎం-5 (అమెరికా మానసిక వైద్యుల సంఘం ప్రచురించే, మానసిక సమస్యల్ని వర్గీకరించే పుస్తకం) ప్రత్యేకంగా ఒక మానసిక సమస్యగా గుర్తించింది. దాని విలువ ఎంతైనా సరే, వస్తువును తీసేయాలంటేనే తట్టుకోలేని బాధ. మంచం మీద పడుకోవడానికి, వంటగదిలో వండుకోవడానికి వీల్లేనంతగా సామాను పేరుకోవడం. దానివల్ల బతుకు కుంటుపడటం. నిపుణులు చూసేవి ఇవి. అరవై బొమ్మలు అరల్లో ఉండి, ఏది ఎక్కడుందో మీకు తెలిసి, అలాంటిదే రెండోది దొరికితే ఒకటి ఇచ్చేయగలుగుతుంటే అది సేకరణే. మీరు రాసినదాన్ని బట్టి జబ్బు అనలేను. అలాగని అంతా బాగుందనీ అనలేను. అరల్లో ఉన్న బొమ్మల గురించి నాకు బెంగ లేదు. విప్పని సంచుల గురించి, కారు డిక్కీ గురించే ఉంది.

సంచి విప్పకుండా పక్కన పెట్టారంటే, కొన్న క్షణంలోని సంతోషం తీసుకుని ఆ తర్వాతి చాకిరీ వాయిదా వేశారని అర్థం. పాత బొమ్మల విషయంలో అసలు పనంతా ఇంటికి తెచ్చాకే ఉంటుంది. ఆ పని జరగలేదు కాబట్టే వాసన, జిగురు, మీవారి విసుగు. అందుకని ఒక్క నియమం పెట్టుకోండి: ఇంట్లో విప్పని సంచి ఒక్కటున్నా దుకాణం గడప తొక్కకూడదు. నెలకింత అని డబ్బుకు హద్దు పెట్టుకోవడం కంటే ఇదే ఎక్కువ పనిచేస్తుంది. శుభ్రం చేయడానికి పట్టే సమయమే కొనుగోళ్లకు పగ్గం వేస్తుంది.

ఇప్పుడు సంచులు. గాలి ఆడే చోట పాత కాగితాలు పరిచి, గుడ్డ ఒళ్లున్నవి, పూర్తిగా ప్లాస్టిక్‌వి, బ్యాటరీలవి వేరు చేయండి.

గుడ్డ బొమ్మల కుట్ల వెంబడి నల్లటి చుక్కలున్నాయేమో వెతకండి. అవి నల్లుల ఆనవాళ్లు. ఉన్నా లేకున్నా జిప్ కవర్లో పెట్టి, గాలి తీసేసి, మైనస్ 18 డిగ్రీలుండే ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచండి. ఫ్రిజ్ పైఅరలోని చిన్న మంచుగూడు అంత చల్లబడకపోవచ్చు, థర్మామీటరు పెట్టి చూసుకోండి. తీశాక ఒక రోజంతా కవరు విప్పొద్దు. వెంటనే విప్పితే చెమ్మ గుడ్డకే పట్టి బూజు మొదలవుతుంది. క్యాబేజ్ ప్యాచ్ పిల్లలకు తల వినైల్ (మెత్తటి ప్లాస్టిక్), ఒళ్లు గుడ్డ. గడ్డకట్టిన వినైల్ పెళుసుగా ఉంటుంది, ఆ స్థితిలో కింద పడేయకండి.

వినైల్ బొమ్మకు గోరువెచ్చని నీళ్లు, అందులో రెండు మూడు చుక్కల గిన్నెలు తోమే సబ్బు, మెత్తటి టూత్‌బ్రష్ చాలు. పడుకోబెడితే కళ్లు మూసే బొమ్మల్ని మాత్రం నీళ్లలో ముంచొద్దు. లోపలి ఇనుప ముక్క తుప్పుపట్టి రెప్ప ఆగిపోతుంది. రంపపు పొట్టు, జిగురు కలిపి చేసిన మరీ పాత బొమ్మలకు తడి అసలే పనికిరాదు, పై పూత పెళ్లలుగా లేస్తుంది. గోళ్ల రంగు తీసే ద్రావకం దేనికీ వాడొద్దు. అందులో ఉండే అసిటోన్ మరకతోపాటు ప్లాస్టిక్‌నూ కరిగిస్తుంది. పెన్ను గీతలకు మొటిమలకు రాసే 10 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ క్రీమును మరక మీద మాత్రమే పలుచగా రాసి, వెలుతురులో కొన్ని గంటలు ఉంచి కడగండి. నాలుగైదుసార్లు చేయాల్సి రావచ్చు. ముదురు రంగు వినైల్ మీద, పెదవుల రంగు దగ్గర పెట్టకండి, తెల్లబడుతుంది.

జిగురు కాళ్ల సంగతి. అది పైనుంచి అంటుకున్న మురికి కాదు. వినైల్ మెత్తగా ఉండటానికి తయారీలో కలిపిన ద్రవం ఏళ్లు గడిచాక పైకి ఊరుతోంది. సబ్బుతో కడిగితే పోతుంది, మళ్లీ వస్తుంది. ఎండ, వేడి దాన్ని తొందర చేస్తాయి కనుక కారు డిక్కీ ఈ బొమ్మలకు అన్నిటికన్నా చెడ్డ చోటు. దాచి మీరు కాపాడిందేమీ లేదు, పాడు చేశారు. పౌడరు చల్లే చిట్కా నమ్మకండి, అది కొన్నాళ్లకు నల్లటి మడ్డి అవుతుంది. జిగురు కాలు గట్టి ప్లాస్టిక్ చెప్పుకో కుర్చీకో ఆనుకుని ఉంటే ఆ గట్టి ప్లాస్టిక్ కరిగి గుంట పడుతుంది. ముదురు రంగు బట్టలు తొడిగి వదిలేస్తే రంగు ఒంటికి దిగుతుంది, అది పోవడం చాలా కష్టం. విడివిడిగా, నీడలో, తెల్లటి నూలు గుడ్డ మీద ఉంచండి.

ముక్కిపోయిన వాసనకు, మూత ఉన్న డబ్బాలో గిన్నెడు వంటసోడా పెట్టి, దానికి తగలకుండా పైన జల్లెడలాంటి దాని మీద బొమ్మ ఉంచి రెండు వారాలు వదిలేయండి. ఏ బొమ్మైనా వెనిగర్‌లా పుల్లగా వాసన వేస్తే మాత్రం అది ప్లాస్టికే కుళ్లుతున్న గుర్తు. దాని ఆవిరి పక్కవాటినీ పాడుచేస్తుంది. దాన్ని వదులుకోవడమే మేలు.

ఫర్బీల్లాంటి వాటిలో బ్యాటరీలు ముందు తీసేయండి. తెల్లటి పొడి కనిపిస్తే అది ఆల్కలైన్ బ్యాటరీ కారినది. చేతులకు తొడుగులు వేసుకుని, దూది పుల్లను తెల్ల వెనిగర్‌లో ముంచి తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. అరలో పెట్టేటప్పుడు మళ్లీ బ్యాటరీలు వేయకండి.

పాపను ‘ముట్టుకోవద్దు’ అని తిట్టి లాభం లేదు. కారణం చెప్పండి: పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, చిన్న చెప్పులు గొంతులో ఇరుక్కోవచ్చు. బటన్ బ్యాటరీ (బొత్తంలా ఉండే చిన్న బిళ్ల బ్యాటరీ) మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలడం మొదలవుతుంది. అందుకే అలాంటి బ్యాటరీలున్న బొమ్మలు తాళం వేసిన అరలోనే ఉండాలి. కడిగిన, రాలిపోయే భాగాలు లేని, రంగులేవీ పెచ్చులూడని ఒక బొమ్మను పాపకు పూర్తిగా ఇచ్చేయండి. దాని జుట్టు కత్తిరించినా మీరు నోరెత్తకూడదు!

ఇక 1966 బార్బీ. వీపు కిందో నడుము వెనకో ఉండే ఆ అంకె, శరీరం అచ్చుకు హక్కు నమోదైన సంవత్సరం. 1990ల్లో తయారైన బార్బీల మీదా అదే ఉంటుంది. పక్కన మలేషియా, ఇండోనేషియా, చైనా అని ఉంటే అది 1966ది కాదు. తొలినాటివి జపాన్‌లో తయారయ్యేవి. క్యాబేజ్ ప్యాచ్ పిల్లలకైతే పిర్ర మీది సంతకం రంగు కొంత చెబుతుంది: 1983లో నలుపు, 1984లో ఆకుపచ్చ, 1985లో నీలం. ఇవి తెలుసుకోవడం సరదా. వీటిని చూపించి మీవారితో పెట్టుబడి వాదన మాత్రం పెట్టుకోకండి. లక్షలమంది కొన్న బొమ్మలు, డబ్బాలు చిరిగి, బట్టలు పోయి దొరికినవి, చాలావరకు లాభం తెచ్చేవి కావు. ‘నాకివి ఇష్టం, చిన్నప్పుడు దొరకలేదు’ అనడానికి మొహమాటపడి లాభం కబురు చెబుతున్నారేమో అనిపిస్తోంది. ఆ ఇష్టమే చెప్పండి. దానికి ఎదురు లెక్క వేయలేరు.

ఆయన సంచి పారేయడం మాత్రం తప్పే. నిజంగా జబ్బు ఉన్నవాళ్ల విషయంలో కూడా, అడక్కుండా ఖాళీ చేస్తే పోగేసే అలవాటు పోదు, ఇంట్లోవాళ్ల మీద నమ్మకం పోతుంది. ఆ మాట ఆయనతో అనే ముందు డిక్కీలోవి అన్నీ ఆయన ఎదుటే దించి, మొత్తం ఎంత ఖర్చయిందో చెప్పేయండి. అది చెప్పకుండా ‘మీరెందుకు పారేశారు’ అంటే, ‘నువ్వెందుకు దాచావు’ అని ఆయన అంటారు, మాట అక్కడితో ఆగిపోతుంది. తర్వాత ఇద్దరూ కలిసి ఒక్క అల్మారా ఖాయం చేసుకోండి. అది మీది, ఆయన చెయ్యి పెట్టరు. దాని బయట బొమ్మ ఉండదు, ఆ మాట మీరు నిలబెట్టుకుంటారు. కొత్తది రావాలంటే ఒకటి వెళ్లాలి.

మొదటి సంచి ఈ వారమే విప్పండి. మూడు నెలలైనా సంచులు అలాగే ఉంటే, లేదా ఒక్క బొమ్మను ఇవ్వాలన్నా నిద్రపట్టనంత బాధ కలిగితే, ఈ సమస్య మీద కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనల్ని, అలవాట్లను మార్చుకోవడానికి మాటలతో చేసే చికిత్స) చేసే సైకాలజిస్టును కలవండి. మొదటిసారి మీరు ఒక్కరే వెళ్లినా పర్వాలేదు. రెండోసారి మీవారిని వెంట తీసుకెళ్లండి.