డిబేట్‌కు పోయే ముందు ఈ నాలుగు మాటలు చదువు బిడ్డా

బిడ్డా,

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ విన్నా. హైదరాబాద్‌లో డిబేట్, అంశమేమో పరాయి దేశంలో అంతర్యుద్ధం జరుగుతుంటే వేరే దేశాలు సైన్యాన్ని పంపాలా వద్దా అని, నీకు "పంపాలి" అనే వైపు వచ్చింది, సూడాన్ వీడియోలు చూసి నువ్వు కూడా లోపల అదే అనుకుంటున్నావు, "పెద్దబాపూ, నువ్వు శ్రీలంక పోయొచ్చినవు గదా, ఏం మాట్లాడాలో చెప్పు" అన్నావు. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతావని రాస్తున్నా.

ముందే చెబుతున్నా, నేను చాలావరకు "వద్దు" అనే మనిషిని. అయినా నీ వైపు ఎలా నిలబడాలో చెబుతా, ఎందుకంటే సైన్యాన్ని పంపాలి అనే మాట ఆవేశంగా అనేవాళ్లు ఎక్కువ, లెక్క చెప్పి అనేవాళ్లు తక్కువ. నువ్వు లెక్క చెప్పేదానివి కావాలి.

నీ కాగితంలో "అంతర్జాతీయ సమాజం వెంటనే స్పందించాలి" అనే వాక్యం ఉంటే కొట్టేసెయ్. వెళ్లేది ఏదో ఒక దేశం జవాన్లు, ఆర్డర్ ఇచ్చేది ఏదో ఒక ప్రభుత్వం, శవపేటిక దిగేది ఏదో ఒక ఊళ్లో. కాబట్టి ఎవరు పోవాలి, ఏ ఒక్క పని మీద పోవాలి, ఆ పని అయిందని దేన్ని చూసి చెప్తారు, ఎప్పుడు తిరిగొస్తారు, ఇవి చెప్పగలిగితేనే "పంపాలి" అను. పక్కింట్లో మంటలు లేస్తే ఊరుకుంటామా అనే పోలిక కూడా వాడకు, అందరూ అదే వాడతారు, పైగా అది తప్పు. మంటకు పక్షం ఉండదు. అంతర్యుద్ధంలో నీళ్లు పోయడానికి పోయినవాడు కూడా వారం తిరిగేసరికి ఏదో ఒక పక్షం అయిపోతాడు.

శ్రీలంకలో జరిగింది అదే. 1987 జులై 29న రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే కొలంబోలో ఒప్పందం మీద సంతకాలు పెట్టారు, మరునాటి నుంచే మన దళాలు జాఫ్నా దగ్గర పలాలీ ఎయిర్‌ఫీల్డ్‌లో దిగడం మొదలైంది. ముందు పోయింది మన సికింద్రాబాద్‌లో ఉండే 54వ ఇన్‌ఫాంట్రీ డివిజన్, నేను అందులో సిగ్నల్స్‌లో ఉన్నా. మాకు చెప్పింది ఒకటే: రెండు వైపులా కాల్పులు ఆగాయి, టైగర్లు (వేరే తమిళ దేశం కోసం కొట్లాడుతున్న ఎల్‌టీటీఈ వాళ్లు) ఆయుధాలు అప్పజెప్తారు, మనం మధ్యలో నిలబడి శాంతి కాపాడాలి. అక్కడి తమిళులు మమ్మల్ని పూలదండలతో ఎదుర్కొన్నారు, నా మెడలో కూడా ఒకటి పడింది. అక్టోబర్ 10 నాటికి అదే జాఫ్నా మీదికి మేం యుద్ధానికి కదులుతున్నాం.

మధ్యలో ఏమైందంటే, టైగర్లు కొన్ని ఆయుధాలు ఇచ్చి మిగతావి దాచుకున్నారు. అక్టోబర్ మొదట్లో శ్రీలంక నేవీకి పట్టుబడ్డ వాళ్ల మనుషుల్ని కొలంబోకు తరలించబోతే సైనైడ్ మింగారు, 12 మంది చనిపోయారు, అక్కడితో ఒప్పందం కాగితాల్లోనే మిగిలింది. అక్టోబర్ 11 రాత్రి జాఫ్నా యూనివర్సిటీలో హెలికాప్టర్ల నుంచి దిగిన సిఖ్ లైట్ ఇన్‌ఫాంట్రీ ప్లాటూన్‌లో 30 మంది ఉంటే 29 మంది మరునాడు మధ్యాహ్నానికల్లా లేరు. మా రేడియో మాటలు టైగర్లు వింటున్నారని తర్వాత తెలిసింది, సిగ్నల్స్ వాడికి అంతకంటే బాధ ఇంకోటి ఉండదు. అదే నెలలో మన సైన్యం జాఫ్నా ఆసుపత్రిలోకి వెళ్లినప్పుడు డాక్టర్లు, నర్సులు, రోగులు చనిపోయారు. సైనికుడి ఇంటి పిల్లనని అది దాచిపెట్టకు. ఎవరైనా అడిగితే నిజమే అని చెప్పు.

ఇక్కడ నువ్వు గట్టిగా పట్టుకోవాల్సింది పని మారిపోయిన తీరు. ఫలానా రోజు నుంచి మీ పని ఇది అని ఎవరూ వచ్చి చెప్పలేదు. శాంతి కాపాడటం ఆయుధాలు లాక్కోవడం అయింది, అది నగరం పట్టుకోవడం అయింది, తర్వాత ఊళ్లు చుట్టుముట్టి వెతకడం, 1988లో ఎన్నికలకు కాపలా, ఆ తర్వాత అక్కడ గెలిచినవాళ్లకు ఒక సొంత దళం తయారుచేసి పెట్టడం. ఒక్కో మెట్టు విడిగా చూస్తే ప్రతిదానికీ కారణం కనిపిస్తుంది, అన్నీ కలిపి చూస్తే ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ తేలామో అర్థం కాదు. ఆ టైగర్లలో చాలామందికి అంతకు ముందు శిక్షణ ఇచ్చింది మన దేశమే అన్నది కూడా మర్చిపోకు. 1989లో ప్రేమదాస అధ్యక్షుడయ్యాక మమ్మల్ని వెళ్లిపొమ్మన్నాడు, అంతటితో ఆగకుండా మా మీద కొట్లాడమని టైగర్లకే ఆయుధాలు ఇప్పించాడు. ఎవరిని కాపాడటానికి పోయామో వాళ్లకూ, ఏ ప్రభుత్వం పిలిస్తే పోయామో దానికీ కానివాళ్లమయ్యాం. 1990 మార్చిలో చివరి దళం తిరిగొచ్చేనాటికి దాదాపు 1,200 మంది మనవాళ్లు పోయారు. 1991 మే 21న శ్రీపెరంబుదూర్‌లో టైగర్లు రాజీవ్ గాంధీని చంపారు. అక్కడి యుద్ధం 2009 మే దాకా నడిచింది. ఇంత చేసి ఆ ఒప్పందంలో మిగిలింది వాళ్ల రాజ్యాంగానికి 13వ సవరణ, దాని కింద ప్రాంతీయ మండళ్లు, వాటికీ ఏళ్ల తరబడి ఎన్నికలు జరగలేదు.

ఇదంతా అవతలి టీమ్ నీ మీద వాడుతుంది. నీ జవాబు 1971.

అక్కడ కూడా మొదట అంతర్యుద్ధమే, పాకిస్తాన్ లోపలి సంగతే. 1970 డిసెంబర్ ఎన్నికల్లో తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్) పార్టీ అవామీ లీగ్ గెలిచింది, అధికారం ఇవ్వకుండా 1971 మార్చి 25 రాత్రి ఢాకా మీద సైన్యాన్ని వదిలారు. కోటి మంది దాకా శరణార్థులు మన దేశానికి వచ్చారు. మన ప్రభుత్వం వెంటనే దూకలేదు చూడు. ప్రవాసంలో ఒక ప్రభుత్వం ఏర్పడింది, జనం ఓటేసిన నాయకులే అందులో ఉన్నారు, అక్కడివాళ్ల పోరాట దళం ముక్తివాహిని తయారైంది, వానాకాలం పోయి చలికాలం వచ్చేదాకా మన సైన్యాధిపతి మానెక్‌షా ఆగాడు, ఆగస్టులో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం చేసుకున్నారు. డిసెంబర్ 3న పాకిస్తాన్ మన ఎయిర్‌ఫీల్డ్‌ల మీద బాంబులు వేసింది, 16న ఢాకాలో లొంగుబాటు, 93 వేల మంది బందీలు. నన్నడిగితే ఈ 13 రోజుల కంటే తర్వాతి మూడు నెలలే ముఖ్యం: 1972 మార్చి మధ్యకల్లా మన సైన్యం బంగ్లాదేశ్ వదిలి వచ్చేసింది. పాలించే మనుషులు అక్కడే సిద్ధంగా ఉన్నారు కాబట్టి రాగలిగింది. శ్రీలంకలో అట్లాంటి మనుషుల్ని మేమే తయారుచేయబోయాం, అది కుదరలేదు.

ఒకటి మాత్రం జాగ్రత్త. 1971లో మనం న్యాయం చేశామని ప్రపంచం చప్పట్లు కొట్టిందని అనకు. డిసెంబర్ 7న ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీలో కాల్పులు ఆపి సైన్యాలు వెనక్కి పోవాలని 104 దేశాలు ఓటేశాయి, వద్దన్నవి 11. పాకిస్తాన్ చీలితే మనకు లాభం ఉందన్నది కూడా దాచనక్కర్లేదు. స్వార్థం లేకుండా పక్క దేశానికి సైన్యం పంపినవాళ్లు నాకు చరిత్రలో పెద్దగా కనిపించలేదు, అందుకే ఆ స్వార్థం అక్కడి జనం ప్రాణాలతో ఒకే దారిలో ఉందా, అడ్డంగా ఉందా అని చూడాలి.

నీకున్న అన్నిటికంటే బలమైన మాట రువాండా. దీని దగ్గర నా "వద్దు" కూడా నిలబడదు. 1994 ఏప్రిల్‌లో హుటూ తీవ్రవాదులు టుట్సీలను చంపడం మొదలైనప్పుడు ఐక్యరాజ్యసమితి దళం దాదాపు 2,500 మంది అక్కడే ఉన్నారు. బెల్జియం సైనికులు పదిమందిని చంపగానే బెల్జియం తన మనుషుల్ని వెనక్కి పిలిచింది, భద్రతామండలి మిగిలిన దళాన్ని 270కి తగ్గించమని తీర్మానం చేసింది. కమాండర్ డలేర్ 5,000 మందిని ఇస్తే ఆపగలనని మొత్తుకున్నాడు. వంద రోజుల్లో దాదాపు 8 లక్షల మందిని చంపారు, చాలామందిని కత్తులతోనే. ఇది చెప్పేటప్పుడు గొంతు పెంచకు, అంకెలు నెమ్మదిగా చెప్పు. ఆయుధం లేని జనాన్ని ఊళ్లకు ఊళ్లు చంపుతున్నప్పుడు, ఆపగల దళం అందుబాటులో ఉన్నప్పుడు, అది అంతర్యుద్ధం మాకెందుకు అనడం కుదరదు. ఇక్కడ పని ఒకటే, చంపేవాళ్లకూ చచ్చేవాళ్లకూ మధ్య నిలబడటం.

లిబియా కూడా అదే మాటతో మొదలైంది. 2011 మార్చి 17న బెంఘాజీ జనాన్ని కాపాడాలని భద్రతామండలి 1973వ తీర్మానం చేసింది, మన దేశం ఓటు వెయ్యకుండా ఉండిపోయింది, జర్మనీ, బ్రెజిల్, రష్యా, చైనా కూడా. జనాన్ని కాపాడటం కాస్తా అక్కడి పాలకుడు గడాఫీని దించడం దాకా పోయింది, అక్టోబర్‌లో అతన్ని చంపారు, తర్వాత ఏం చెయ్యాలో బాంబులు వేసినవాళ్లలో ఒక్కరి దగ్గరా ప్లాన్ లేదు. అక్కడి ఆయుధాలు సహారా దాటి మాలి దాకా పోయాయి, 2014 నుంచి లిబియా రెండు ప్రభుత్వాల కింద నలిగింది. మళ్లీ సిరియా విషయం వచ్చినప్పుడు రష్యా, చైనా వీటో వేసి లిబియాను చూపించాయి. ఒక చోట మాట తప్పితే ఇంకో చోట జనం దానికి మూల్యం కట్టారు.

మన ఇంటి సంగతి ఒకటి నీ మనసులో ఉంచుకో, డిబేట్‌లో మాత్రం ఎత్తకు, హైదరాబాద్ సంస్థానం పరాయి దేశమా కాదా అని లొల్లి మొదలై నీ టైమ్ అంతా పోతుంది. (నిజాం ప్రభుత్వం అప్పట్లో దీన్ని భద్రతామండలి దాకా తీసుకెళ్లింది, ఇది మా లోపలి విషయం అని మనవాళ్లు అన్నారు.) 1947 సెప్టెంబర్ 2న పరకాలలో కాల్పులు, 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకార్లు చేసిన హత్యలు, ఇవన్నీ చూసిన మన ముసలోళ్లు సెప్టెంబర్‌లో సైన్యం వచ్చిందంటే ఎంత ఊపిరి పీల్చుకున్నారో మీ తాత నోట విన్నాం. ఐదు రోజుల్లో అయిపోయింది. కానీ ఆ రోజుల్లో, ఆ తర్వాత ముస్లింల మీద జరిగిన హత్యలు ఎక్కువగా మరాఠ్వాడా, బీదర్ వైపు, 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటాయని నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీయే అంచనా వేసింది, ఆ నివేదికను చాలా ఏళ్లు బయటపెట్టలేదు. రజాకార్ల మీదికి వచ్చిన సైన్యమే మన అడవుల్లో, ఊళ్లలో రైతు దళాల మీద 1951 దాకా ఉంది. ఇది గుర్తుంటే, మొదటి ఐదు రోజులు చూసి ఏ జోక్యాన్నీ మెచ్చుకోవు, తిట్టవు కూడా.

అవతలివాళ్లు యెమెన్ గురించి తప్పకుండా అంటారు. 2015లో సౌదీ కూటమి బాంబులు వేస్తుంటే మన దేశం ఎవరి వైపూ చేరలేదు, అందరితో మాట్లాడగలిగింది కాబట్టే ఆపరేషన్ రాహత్‌లో 4,600 మందికి పైగా భారతీయుల్ని, వాళ్లతోపాటు 900 మందికి పైగా విదేశీయుల్ని బయటికి తెచ్చింది. సిరిసిల్ల, జగిత్యాల వైపు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్నప్పుడు ఇది చిన్న విషయం కాదు. ఒప్పుకో. ఒప్పుకుని, అట్లా బయటికి రాలేని యెమెన్ జనం సంగతేంటని అడుగు.

ఇక సూడాన్. సైన్యం పంపితే రేపే ఆగిపోతుందని మాత్రం అనకు. 2023 ఏప్రిల్ 15న కొట్లాట మొదలుపెట్టిన సైన్యాధిపతి బుర్హాన్, ఆర్‌ఎస్‌ఎఫ్ అనే పారామిలటరీ దళం నాయకుడు హెమెద్తీ ఇద్దరూ 2021లో కలిసి ప్రభుత్వాన్ని కూల్చినవాళ్లే. కోటి మందికి పైగా ఇళ్లు వదిలారు. సూడాన్ పడమటి ప్రాంతం డార్ఫుర్‌లో ఐక్యరాజ్యసమితి, ఆఫ్రికన్ యూనియన్ కలిసి పెట్టిన దళం 2020 డిసెంబర్ ఆఖరుకు పని ముగించి వెళ్లిపోయింది, మూడేళ్లు తిరక్కముందే ఈ యుద్ధం. 2025 అక్టోబర్‌లో డార్ఫుర్‌లోని అల్ ఫాషర్ నగరం హెమెద్తీ దళాల చేతిలో పడిపోయింది, నువ్వు చూసిన వీడియోలు అక్కడివే అయ్యుంటాయి. బయటి దేశాలు జోక్యం చేసుకోవాలా అని అడుగుతున్నారు గానీ ఇప్పటికే చేసుకుంటున్నాయి బిడ్డా, ఆయుధాలతో, బంగారం కొనుగోళ్లతో. హెమెద్తీ దళాలకు యూఏఈ నుంచి ఆయుధాలు వస్తున్నాయన్న ఆరోపణలు నమ్మదగినవేనని ఐక్యరాజ్యసమితి నిపుణులు అన్నారు, యూఏఈ కాదంటోంది. 2004 నుంచి ఉన్న ఆయుధ నిషేధం డార్ఫుర్‌కే, దేశమంతటికీ లేదు.

2024 సెప్టెంబర్‌లో ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం రెండు అడిగింది: ఆ నిషేధాన్ని సూడాన్ అంతటికీ పెంచమని, జనాన్ని కాపాడటానికి ఏ పక్షానికీ చెందని దళాన్ని పంపమని. సూడాన్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. అక్టోబర్‌లో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి గుటెరస్ భద్రతామండలికి వెళ్లి అలాంటి దళం పనిచేసే పరిస్థితులు ఇప్పుడు లేవన్నాడు. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి, వాటి మధ్య నీ వాదన నిలబెట్టు. దేశమంతా కాదు, ఫలానా పట్టణం, ఛాద్ సరిహద్దులో అద్రే దారి లాంటి ఒక్కటి, దాన్ని తిండి, మందులు పోయేందుకు తెరిచి ఉంచే దళం, ఆఫ్రికన్ యూనియన్ ముందుండి, కాలపరిమితితో, ఎదురుకాల్పులకు అనుమతితో. ఆయుధాలు పంపేవాళ్ల మీద నిషేధం దానికంటే ముందు. ఇంత చిన్నగా అడిగితే నేను కూడా నీ వైపు ఓటేస్తా.

రాసింది ఆదివారం లోపల పంపు, తేదీలు నేను సరిచూస్తా. ఎదుటి టీమ్ జాఫ్నా ఆసుపత్రి గురించి అడిగితే ఏం చెప్పాలో విడిగా ఫోన్‌లో మాట్లాడుకుందాం, అది రాసేది కాదు.

మీ పెద్దబాపు
హన్మకొండ