ఎండీవర్ 3.2 ఐదు సిలిండర్ల టర్బో ఇంజిన్: కిలోమీటర్ల కంటే ముందు ఆయిల్ సంగతి అడగండి

నంద్యాల నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇదీ: 2017 మోడల్ ఫోర్డ్ ఎండీవర్ 3.2 ఆటోమేటిక్, లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది, ధర నచ్చింది. కానీ ఐదు సిలిండర్ల ఇంజిన్ పాడైతే మన దగ్గర బాగుచేసేవాళ్లు దొరకరని ఇంట్లో భయపెడుతున్నారు. అసలు ఈ ఇంజిన్ ఎలాంటిది, ఏమేం పాడవుతాయి, కొనొచ్చా?

నేను కడపలో ఉంటాను. అదే బండి 2016 మోడల్‌ను 2019లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అప్పటికి 62 వేలు తిరిగి ఉంది, ఇప్పుడు లక్షా 70 వేలు దాటింది. కొనొచ్చు అనే చెప్తాను. అయితే కిలోమీటర్లు ఎన్ని అని అడిగే ముందు ఇంకో మాట అడగాలి: ఆయిల్ ఎవరు మార్చారు, ఎలా మార్చారు? కొనేటప్పుడు నేను అడగలేదు. అలా అడగాలని అప్పుడు నాకు తెలియదు.

ముందు లెక్కలు చూద్దాం. 3198 సీసీ డీజిల్, ఒకే వరసలో ఐదు సిలిండర్లు, సిలిండర్‌కు నాలుగు చొప్పున 20 వాల్వులు. బోర్ (సిలిండర్ వెడల్పు) 89.9 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 100.76. స్ట్రోక్ పొడుగు, దానికి తోడు వేరియబుల్ జామెట్రీ టర్బో, అంటే పొగ తోపుతో ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి నెట్టేది, వేగాన్ని బట్టి రెక్కల కోణం మార్చుకునేది. అందుకే 1750 ఆర్పీఎం నుంచి 2500 దాకా 470 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) నిండుగా ఉంటుంది. 200 పీఎస్ పవర్ 3000 ఆర్పీఎంకే వచ్చేస్తుంది. ఇదే బండిలో వచ్చిన 2.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కు 160 పీఎస్, 385 న్యూటన్ మీటర్లు. 3.2 మన దేశంలో 2016 జనవరిలో వచ్చింది. 2020లో బీఎస్6 పొగ నియమాలు రాగానే దాన్ని ఆపేసి 2 లీటర్ల ఇంజిన్ పెట్టారు. బండి చెన్నై దగ్గర మరైమలై నగర్‌లో తయారైనా, ఈ ఇంజిన్ దక్షిణాఫ్రికాలోని స్ట్రువాన్‌డేల్ ప్లాంట్‌ది. బయటి దేశాల్లో అప్పటి ఫోర్డ్ రేంజర్ పికప్పుల్లోనూ ఇదే ఉండేది. కాబట్టి దీని జబ్బులు ఏమిటో, మందు ఏమిటో ప్రపంచమంతా తెలిసినవే. ఇంట్లోవాళ్లకు ఈ మాట చెప్పండి.

ఐదు సిలిండర్లు ఎందుకంటారా? క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) రెండు చుట్లు, అంటే 720 డిగ్రీలు తిరిగేలోపు ప్రతి సిలిండర్ ఒక్కసారి మండుతుంది. నాలుగు సిలిండర్లయితే 180 డిగ్రీలకు ఒక దెబ్బ, ఐదయితే 144 డిగ్రీలకు ఒకటి. ఒక సిలిండర్ తోపుడు పూర్తిగా తగ్గకముందే ఇంకోటి అందుకుంటుంది. గువ్వలచెరువు ఘాట్‌లో ఏడుగురితో, సామానుతో ఎక్కేటప్పుడు ఆ తేడా కాలికి తెలుస్తుంది. మండే వరస 1-2-4-5-3. ఆ బేసి లయ వల్లే దీని శబ్దం మిగతా డీజిళ్లలా ఉండదు. నాకు ఆ శబ్దమంటే ప్రాణం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 2020 మే నెల, ఎండ మండిపోతోంది. మా వీధికి దగ్గర్లో అందరూ మెచ్చుకునే ఒక మెకానిక్ దగ్గర ఆయిల్ మార్పించడానికి పెట్టాను. డ్రెయిన్ బోల్ట్ విప్పాడు. పాత ఆయిల్ కారుతుంటే, "చుక్క కూడా మిగలకుండా కారిపోతేనే మంచిదన్నా. భోంచేసి వచ్చి పోస్తా" అని వెళ్లాడు. నాకూ అది మంచి పద్ధతిగానే అనిపించింది. రెండు గంటల తర్వాత వచ్చి కొత్త ఫిల్టర్ వేసి, ఆయిల్ పోసి స్టార్ట్ చేశాడు. ఎర్ర ఆయిల్ లైటు ఆరలేదు. ముందు వైపు నుంచి గొలుసు కొట్టుకుంటున్నట్టు గలగలా శబ్దం. వెంటనే ఆపేయమని అరిచాను.

"ఏం గాదులేన్నా, ఇంకోసారి స్టార్ట్ చేసి రేస్ ఇస్తే ఎక్కుతాది" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఇదే ఇంజిన్ మీద చాలా ఏళ్లు పనిచేసిన బెంగళూరు మెకానిక్ ఒకాయనకు ఫోన్ చేశాను. సంగతి మొత్తం వినకముందే ఆయన అడిగిన మొదటి మాట: "ఆయిల్ తీసి ఎంతసేపయింది?"

ఈ ఇంజిన్ ఆయిల్ పంపు తీరే అంత. ఆయిల్ తీసి ఎక్కువసేపు వదిలేస్తే పంపులో నిలిచిన ఆయిల్ కూడా జారిపోతుంది, లోపలికి గాలి చేరుతుంది. మన బోరు మోటారుకు ఎయిర్ పట్టినట్టే అనుకోండి. తర్వాత పది లీటర్లు పోసినా పంపు పైకి లాగలేదు. అందుకే డ్రెయిన్ బోల్ట్ విప్పాక 10 నిమిషాలు దాటకుండా కొత్త ఆయిల్ పోసేయాలని కంపెనీ సూచన. ఆయిల్ ఎక్కకపోతే బేరింగులు, టర్బో, టైమింగ్ చైన్ అన్నీ పొడిగా తిరుగుతాయి. వాల్వులను సరైన సమయానికి నడపడానికి దీనికి బెల్ట్ కాదు, చైన్. దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ కూడా ఆయిల్ ప్రెషర్ మీదే పనిచేస్తుంది. నేను విన్న గలగల అదే. ఆ రోజు మెకానిక్ చెప్పినట్టు రేస్ ఇచ్చి ఉంటే ఇంజిన్ అక్కడికక్కడే పోయేది.

బెంగళూరు మెకానిక్ మరుసటి రోజు తన మనిషిని పంపాడు. ఫిల్టర్ దగ్గర నుంచి చేతి పంపుతో ఆయిల్‌ను లోపలికి ఎక్కించారు. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల కనెక్టర్లు తీసేసి, ఇంజిన్ మండకుండా స్టార్టర్‌తో కొద్దికొద్దిగా తిప్పారు. మూడోసారికి లైటు ఆరింది. వెయ్యి కిలోమీటర్లకు మళ్లీ ఆయిల్ మార్చి, పాత ఫిల్టర్‌ను కోసి మడతల్లో ఇనుప రజను ఉందేమో చూశాం. లేదు. అప్పటిదాకా నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. మా వీధి మెకానిక్ చెడ్డవాడు కాదు. వేరే బండ్లకు అతని పద్ధతే సరైనది. ఈ ఇంజిన్ సంగతి అతనికి చెప్పినవాళ్లు లేరు, అంతే. ఇప్పుడు అతనే చేస్తాడు, నేను పక్కన నిలబడతాను. కొత్త ఫిల్టర్, మూత విప్పిన ఆయిల్ డబ్బాలు దగ్గర పెట్టుకున్నాకే బోల్ట్ మీద పానా పెడతాడు.

ఆయిల్ తర్వాత నేను భయపడేది ఈజీఆర్ కూలర్‌కు. పొగను మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ముందు నీళ్లతో చల్లబరిచే భాగం అది. లోపల సన్నగా చీలితే కూలంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లు) పొగ దారిలోకి వెళ్లిపోతుంది. కింద ఒక్క చుక్క కనపడదు, ట్యాంకులో మాత్రం మట్టం తగ్గుతూ ఉంటుంది. పొద్దున స్టార్ట్ చేయగానే తెల్ల పొగ, కాస్త తియ్యటి వాసన. "నీళ్లు తగ్గాయి, పోస్తే సరి" అని నెలల తరబడి పోస్తూ పోతే ఏదో ఒక రోజు ఘాట్ రోడ్డులో వేడెక్కి సిలిండర్ల పైమూత, అంటే హెడ్ దాకా పాడవుతుంది. నలభై రెండు, నలభై మూడు డిగ్రీల ఎండల్లో తిరిగే మన జిల్లాల్లో దీన్ని అసలు తేలిగ్గా తీసుకోకూడదు. ఈజీఆర్ వాల్వుకు మసి పట్టడం వేరు, అది ఊళ్లో చిన్నచిన్న దూరాలే తిరిగే బండ్లకు ఎక్కువ. విప్పి శుభ్రం చేస్తే సరిపోతుంది.

టర్బో గాలి గొట్టాలు వయసైపోయి క్లిప్పుల దగ్గర చీలుతాయి. యాక్సిలరేటర్ నొక్కితే బుస్సుమని శబ్దం, నల్ల పొగ, లాగుడు తగ్గడం, గొట్టం చుట్టూ జిడ్డు, ఇవే గుర్తులు. టర్బో పోయిందని చెప్పి పెద్ద బిల్లు వేయడానికి ముందు ఈ గొట్టాలు చూడమనండి. నాది లక్షా 20 వేల దగ్గర చీలింది, గంట పని. టర్బో పదికాలాలు ఉండాలంటే, ఘాట్ ఎక్కి పాలకోవా కోసం ఆగినప్పుడు వెంటనే తాళం తిప్పేయకుండా ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచండి.

ఇంజెక్టర్లకు శత్రువు డీజిల్‌లో నీళ్లు, దుమ్ము. తోటల దగ్గర జనరేటర్‌కు, ట్రాక్టర్‌కు డ్రమ్ములో నిలవ పెట్టిన డీజిల్ ఈ బండిలో పోయకండి. వెయ్యి బార్‌కు పైన ప్రెషర్‌తో పనిచేసే ఇంజెక్టర్‌కు నలకంత మట్టి చాలు. ఐదింటిలో ఒకటి సరిగా పనిచేయకపోయినా ఐడిల్‌లో కుంటుతున్నట్టు తెలిసిపోతుంది. అమ్మే మనిషికి పొలం ఉందా, డీజిల్ ఎక్కడ పోయించేవాడు అని మాటల్లో అడగండి.

మైలేజీ గురించి ఆశ పెట్టుకోవద్దు. బండ్లను పరీక్షించే ఏఆర్ఏఐ సంస్థ లెక్కే లీటరుకు 10.91 కిలోమీటర్లు. నాకు ఊళ్లో 8, కడప నుంచి బెంగళూరు వెళ్తే 10 దాటుతుంది.

ఇంకొకటి, బండి 2021లో ఎక్కడ ఉందో కనుక్కోండి. ఆ నవంబర్‌లో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడ్డప్పుడు చాలా బండ్లు మునిగాయి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా అడుగున, సీట్ల కింద కార్పెట్ అడుగున ఎండిన ఒండ్రు ఉంటే ధర ఎంత తగ్గించినా వద్దు. 800 మిల్లీమీటర్ల లోతు నీళ్లలో పోగలదని కంపెనీ చెప్పినది దాటడానికే, మునగడానికి కాదు.

చూడటానికి పొద్దున్నే వెళ్లండి, మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని ముందే చెప్పండి. బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూసుకోండి. కూలంట్ మట్టం చూశాక స్టార్ట్ చేయించి, ఆయిల్ లైటు వెంటనే ఆరుతోందా, గొలుసు శబ్దం వస్తోందా, పొగ ఏ రంగు అన్నది గమనించండి. తర్వాత సర్వీసు బిల్లులు అడగండి. ఈ ఇంజిన్‌కు ఫిల్టర్‌తో కలిపి 10 లీటర్లకు కాస్త తక్కువ ఆయిల్ పడుతుంది, 5డబ్ల్యూ-30 గ్రేడు. బిల్లులో ఏడు లీటర్లనో, వేరే గ్రేడనో ఉంటే ఆ మెకానిక్‌కు ఈ ఇంజిన్ కొత్త అని అర్థం. అప్పుడు అతని ఫోన్ నంబర్ తీసుకుని, ఆయిల్ తీశాక ఎంతసేపు వదిలేశావని నేరుగా అతన్నే అడగండి.