పండగపూట ‘దినం’ మాటెందుకు?

సందేహం: మొన్న పిల్లలతో కలిసి ‘లెగో స్టార్ వార్స్ హాలిడే స్పెషల్’ చూశాం, ‘స్టార్ వార్స్’ అంతరిక్ష సినిమాల పాత్రలతో లెగో బొమ్మల్లో తీసింది. మా అత్తగారికి ఇంగ్లీషు అంతగా తెలీదు, పక్కన కూర్చుని కథ చెబుతున్నాను. అందులో ‘లైఫ్ డే’ అని ఒక పండగ ఉంది. దాన్ని ‘జీవదినం’ అని తెలుగు చేశాను. కాసేపాగి ‘చూబాకా వాళ్ళ దినానికి అందరూ చేరారత్తయ్యా’ అన్నాను. ఆవిడ ముఖం చిట్లించి ‘పండగంటూ దినమంటావేంటమ్మా, ఎవరు పోయారు?’ అన్నారు. జన్మదినం అంటాం, దినపత్రిక అంటాం. మరి నేనన్నదాంట్లో తప్పేంటి? ‘లైఫ్ డే’నీ ‘హాలిడే స్పెషల్’నీ తెలుగులో ఏమనాలి?

సమాధానం: తప్పు నిఘంటువుది కాదు, పూర్తిగా మీదీ కాదు. ఆ ‘దినానికి’లో ఉన్న ‘కి’ది.

మీరు ‘జీవదినం’ దగ్గరే ఆగి ఉంటే ఆవిడ మహా అయితే ‘అదేం పేరు’ అని ఊరుకునేవారు. రెండోసారికి మాట పొడుగనిపించి ‘జీవ’ను వదిలేసి ‘వాళ్ళ దినానికి’ అన్నారు. ఫలానావారి దినానికి వెళ్ళొచ్చాం, దినానికి పిలిచారు, దినం భోజనాలు... ఈ వరసలో ఈ మాట వింటే తెలుగువాళ్ళకి తోచేది ఒక్కటే. పైగా మీ కథలో బంధువులు చేరారు, భోజనాల హడావుడి ఉంది. ఆవిడ ‘ఎవరు పోయారు’ అనడంలో వింతేమీ లేదు. నేనైనా అదే అడుగుతాను.

సంస్కృతంలో దినానికి చావుతో ఏ సంబంధమూ లేదు, పగలు, రోజు అని మాత్రమే అర్థం. మనిషి పోయాక పదో దినం, పదకొండో దినం అని లెక్కపెట్టి కర్మ చేయించే అలవాటులో, లెక్క జారిపోయి మాట మిగిలింది. దినాలు, దినవారాలు, పెద్దదినం అన్నీ ఆ కుటుంబమే. చివరికి తిట్టులోకీ ఎక్కింది: ‘నీ దినం పెట్ట!’

అయితే జన్మదినం ఎలా బతికి బయటపడింది? అది ఎప్పటినుంచో చెవికి అలవాటైన సమాసం. దాన్ని ఎవరూ విడదీసి వినరు. దినపత్రిక, దినచర్య, అనుదినం కూడా అంతే. ‘దినదిన గండం నూరేళ్ళాయుష్షు’ అనేటప్పుడు గండమే భయపెడుతుంది కానీ దినం కాదు. తెలుగు బైబిల్లో ‘విశ్రాంతి దినము’ ఉంది, అది చదివేవాళ్ళకి అందులో అశుభం వినిపించదు. మీరు అప్పటికప్పుడు కల్పించిన ‘జీవదినం’ ఎవరూ ఎన్నడూ వినని మాట. కొత్త సమాసాన్ని చెవి ముక్కలు చేసి వింటుంది. ముక్కలు చేస్తే చివర మిగిలేది ఏమిటో మీకు తెలిసిపోయింది.

మన ఇళ్ళలో మాటకి ఉన్న పట్టింపులో ఇదొక భాగం. డబ్బాలో బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అంటాం. గుమ్మం దాటుతూ ‘వెళ్తాను’ అనం, ‘వెళ్ళొస్తాను’ అంటాం. మీ అత్తగారు ఆ తరం మనిషే అయ్యుంటారు.

పోనీ ‘రోజు’ వాడితే? పుట్టినరోజు, పెళ్ళిరోజు ఉన్నాయి కాబట్టి నిశ్చింతగా వాడొచ్చు. అచ్చతెలుగు కదా అని మురిసిపోకండి, అది పారసీ నుంచి వచ్చిన మాట. మన సొంత మాట ‘నాడు’. అదిప్పుడు ‘ఆదివారం నాడు’, ‘పండగనాడు’ లాంటి చోట్ల తప్ప ఒంటరిగా నిలబడలేకపోతోంది. ఆ మాటకొస్తే రోజు కూడా బహువచనంలో పడితే మంచిది కాదు, ‘ఆయనకి రోజులు దగ్గరపడ్డాయి’ అంటాం కదా.

ఇక ‘దినోత్సవం’. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం, బాగానే ఉంటుంది. ఇంగ్లీషు ‘డే’ కనిపించిన ప్రతిచోటా దాన్నే తగిలించి, డిసెంబరు 1ని ‘ఎయిడ్స్ దినోత్సవం’ అనేవాళ్ళని చూస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. ఎయిడ్స్‌కి ఉత్సవమా? లైఫ్ డే ఉత్సవమే కాబట్టి ‘జీవ దినోత్సవం’ వ్యాకరణానికి సరిపోతుంది. కానీ వినగానే కలెక్టరాఫీసు ముందు కట్టిన బ్యానరు, మైకు టెస్టింగు, మొక్క నాటుతున్న అధికారి కళ్ళముందు కనిపిస్తారు. పండగ వాసన రాదు.

ఇంతకీ ఆ పండగేమిటో చూస్తే పేరు పెట్టడం తేలికవుతుంది. లైఫ్ డే ఒళ్ళంతా బొచ్చుండే వూకీ జాతివారిది, చూబాకా ఆ జాతివాడే. 1978 నవంబరు 17న అమెరికాలో సీబీఎస్ ఛానెల్ ‘స్టార్ వార్స్ హాలిడే స్పెషల్’ వేసింది. చూబాకాని పండగపూటకి ఇంటికి చేర్చాలని అతని నేస్తం హాన్ సోలో పడే తంటాలే అందులో కథ. చివర్లో వూకీలు ఎర్రటి అంగీలు తొడుక్కుని, చేతుల్లో వెలిగే గోళాలు పట్టుకుని జీవవృక్షం దగ్గర చేరతారు. అది ఎంత అపహాస్యం పాలైందంటే ఆ ఛానెల్ మళ్ళీ వెయ్యలేదు, స్టార్ వార్స్ సృష్టికర్త జార్జ్ లూకాస్‌కీ అది గిట్టలేదు. సరిగ్గా 42 ఏళ్ళకి, 2020 నవంబరు 17న, డిస్నీ ప్లస్‌లో వచ్చిన లెగో బొమ్మల ముప్పావుగంట స్పెషల్ ఆ నవ్వులపాలైన పండగనే తీసుకుని, ఈసారి కావాలని నవ్వించింది. మీరు చూసింది అదే.

కుటుంబం, చెట్టు, ప్రాణం. ఇవీ అందులో ఉన్నవి. ‘జీవితం’ పెడితే బీమా పాలసీ, ఖైదు గుర్తొస్తాయి. ‘ప్రాణం’ అంటే ఎవరిదో మీదికొచ్చినట్టుంటుంది. నా ఓటు ‘బతుకు పండగ’కి. ‘ఛీ, నీ బతుకు!’ అని కోస్తాలో తిట్టుకుంటాం కదా అంటారేమో. నిజమే. కానీ అదే మాటతో తెలంగాణలో ‘సల్లగ బతుకు బిడ్డా’ అని దీవిస్తారు, పువ్వులు పేర్చి తొమ్మిది రోజులు బతుకమ్మ ఆడతారు. బతుకుని పండగ చేసుకోవడం తెలుగుకి కొత్త కాదు. ఆ పూలపండగతో కలగలిసిపోతుందని జంకైతే ‘లైఫ్ డే పండగ’ అనండి. క్రిస్మస్ పండగ అనట్లేదూ!

‘హాలిడే’ దగ్గర ఇంకో గుంట ఉంది. బళ్ళో నేర్పిన అర్థం ‘సెలవు’. కానీ అమెరికాలో నవంబరు, డిసెంబరు నెలల్లో టీవీలో వచ్చే హాలిడే స్పెషల్ సెలవుల గురించి కాదు, పండగల గురించి. ఆ మాట పుట్టుకలోనే ‘పవిత్రమైన రోజు’ ఉంది. మన ‘సెలవు’కి మొదట్నుంచీ అనుమతి, ఆజ్ఞ అనే అర్థాలున్నాయి. పెద్దవాళ్ళు మాట్లాడితే ‘సెలవిచ్చారు’ అనడం అందుకే. వెళ్ళడానికి అనుమతి అడగడం నుంచి వీడ్కోలు వచ్చింది. పేరున్న నటుడు పోయిన మర్నాడు పత్రికల్లో పెట్టే శీర్షిక తెలుసుగా: ‘ఇక సెలవు’. జీవదినానికి తోడు సెలవు కూడా పెట్టి ఉంటే మీ అత్తగారు టీవీ కట్టేయమనేవారు.

‘స్పెషల్’ని ముట్టుకోకండి. స్పెషల్ బస్సు, స్పెషల్ దోశ, సంక్రాంతి స్పెషల్ అని అందరి నోళ్ళలో నలిగిన మాట. ‘విశేషం’ అని మార్చారనుకోండి, కొత్తగా పెళ్ళైనవాళ్ళని ‘ఏమన్నా విశేషమా?’ అని ఎందుకడుగుతామో మీకు చెప్పక్కర్లేదు. ‘పండగ స్పెషల్’ చాలు, మన ఛానెళ్ళు ఎప్పుడో తేల్చేశాయి.

ఆఫీసు తెలుగుని ఇందాక వెక్కిరించాను కానీ, ఇదే స్పెషల్లో దానికి చక్కగా పనికొచ్చే చోటు ఒకటుంది. ఆ కథల్లోని విలన్ డార్త్ వేడర్ తన చక్రవర్తికి పండగ కానుకగా ఒక కాఫీ కప్పు ఇస్తాడు. దాని మీద ‘గెలాక్సీకే బెస్ట్ ఎంపరర్’ అనే అర్థమొచ్చే రాత ఉంటుంది. గ్రహాల్ని పేల్చేసే మనిషికి నాన్నలకిచ్చే కప్పు ఇవ్వడమే అక్కడ జోకు. దీన్ని ‘చాలా మంచి చక్రవర్తి’ అని చెబితే నవ్వు పుట్టదు. ‘ఉత్తమ చక్రవర్తి’ అనండి. ఉత్తమ ఉపాధ్యాయుడు, ఉత్తమ పంచాయతీ అని శాలువా కప్పి, జ్ఞాపిక చేతికిచ్చి, ఫొటో తీయించే తంతంతా ఆ ఒక్క మాటలో వచ్చేస్తుంది. మీ అత్తగారు నవ్వకపోతే నాకు రాయండి.

1978 నాటి పాతదానికైతే ఈ సందేహమే వచ్చేది కాదు. చూబాకా భార్యా తండ్రీ కొడుకూ ఇంట్లో మాట్లాడుకునే మొదటి ఘట్టం నిమిషాల తరబడి ఉత్త గుర్రుమనడాలే, కింద సబ్‌టైటిల్స్ కూడా వెయ్యలేదు. అక్కడ మీకెంత అర్థమవుతుందో ఆవిడకీ అంతే అర్థమవుతుంది.