ఇంజిన్ ఆగితే స్టీరింగ్ ఎందుకు మొరాయిస్తుంది?

ప్రశ్న: మా డీజిల్ ఎస్‌యూవీకి హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ ఉంది. కోఠి సందుల్లో స్టీరింగును చివరిదాకా తిప్పితే రొద వస్తుంది, ఇంజిన్ ఆగితే అది కదలనంటుంది. కారణమేమిటి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఇంజిన్ బెల్టుతో తిరిగే పంపు నూనెను ఒత్తిడితో స్టీరింగ్ గేరుబాక్సులోకి పంపుతుంది. స్టీరింగ్ షాఫ్టు చివర టార్షన్ బార్ అనే సన్నని ఉక్కు కడ్డీ ఉంటుంది. మీరు స్టీరింగ్ తిప్పగానే, టైర్లు నేలను పట్టుకొని ఉండటం వల్ల ఆ కడ్డీ రవ్వంత మెలిపడి, వాల్వును తెరిచి, నూనెను గేరుబాక్సులో చక్రాలను తిప్పే పిస్టన్‌కు ఒక పక్కకు మళ్లిస్తుంది. ఆ తోపుడే మీ చేతికి అందే సాయం. మెలిక పెరిగేకొద్దీ సాయమూ పెరుగుతుంది కనుక, దీని విలువ పార్కింగులోనే బాగా తెలుస్తుంది.

చివరిదాకా తిప్పి పట్టుకుంటే పిస్టన్‌కు కదిలే చోటుండదు. ఒత్తిడి పెరిగి, ఎక్కువైన ఒత్తిడిని వదిలేసే రిలీఫ్ వాల్వు తెరుచుకుంటుంది. ఆ కాస్త రొద సహజమే గాని, అలాగే పట్టి ఉంచితే నూనె మరిగి పంపు దెబ్బతింటుంది. రొద కాక కీచుమంటే మాత్రం ముందుగా బెల్టును అనుమానించాలి. స్టీరింగ్ నూనె డబ్బాలో నురగ కడుతుంటే గాలి చేరినట్లే.

ఇంజిన్ ఆగితే పంపూ ఆగుతుంది. స్టీరింగుకూ చక్రాలకూ మధ్య గేర్ల బంధం తెగదు కాబట్టి బండి మలుపు తిరుగుతుంది, భారమంతా మీ భుజాలదే.