కాలేజీకే వెళ్లు చిట్టీ

చిట్టీ,

ఇంటర్ అవగానే అమెరికా కాలేజీ టెన్నిస్‌కి వెళ్లాలా, నేరుగా ప్రో సర్క్యూట్‌లో, అంటే ప్రైజ్ మనీ కోసం ఊరూరా తిరిగి ఆడే టోర్నీల్లో దిగాలా అని అడిగావు. కాలేజీకే వెళ్లు. అక్కడ ఆడి, ఆ తర్వాత సర్క్యూట్‌లోనూ తిరిగొచ్చాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కాలేజీకి వెళ్తే ఆట అటకెక్కుతుందని అమలాపురంలో ఎవరో అన్నారని మీ నాన్న దిగులు పడుతున్నాడు. మన ఉయ్యూరు కుర్రాడు మైనేని సాకేత్ అలబామా యూనివర్సిటీకి ఆడాకే ప్రొఫెషనల్ అయ్యాడు. 2014 ఏషియన్ గేమ్స్‌లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ బంగారు పతకం గెలిచాడు. అమెరికా అమ్మాయి డానియెల్ కాలిన్స్ వర్జీనియా యూనివర్సిటీ తరఫున 2014లో, 2016లో కాలేజీ సింగిల్స్ చాంపియన్. 2022లో ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్ ఆడింది. ఈ రెండు పేర్లూ మీ నాన్నకి చెప్పు.

కొబ్బరితోట అమ్మైనా నిన్ను టోర్నమెంట్లకు పంపుతానన్నాడట. అమ్మనివ్వకు. సర్క్యూట్‌లో అడుగు మెట్టు టోర్నీకి ప్రైజ్ మనీ మొత్తం కలిపి 15,000 డాలర్లు. సింగిల్స్, డబుల్స్ ఆడేవాళ్లంతా పంచుకోవాల్సింది అదే. మొదటి రౌండ్‌లో ఓడితే చేతికొచ్చేది వారం హోటల్ ఖర్చుకి కూడా చాలదు. పద్దెనిమిదేళ్లకే తోట గురించి ఆలోచిస్తూ సర్వ్ చేస్తే చెయ్యి బిగుసుకుపోతుందమ్మా.

కాలేజీ మ్యాచ్ వేరే లోకం. ముందు మూడు డబుల్స్, ఒక్కొక్క సెట్. రెండు గెలిచిన జట్టుకి ఒక పాయింట్. తర్వాత పక్కపక్క కోర్టుల్లో ఆరు సింగిల్స్, ఒక్కోదానికి ఒక పాయింట్. మొత్తం ఏడింటిలో ముందు నాలుగు తెచ్చుకున్నవాళ్లదే గెలుపు. డ్యూస్ (40-40) దగ్గర అడ్వాంటేజ్ ఉండదు, ఒక్క పాయింటుతో గేమ్ తేలిపోతుంది. ఏ వైపు రిసీవ్ చేయాలో ఎదుటి అమ్మాయే ఎంచుకుంటుంది. స్కోరు 3-3, మిగిలింది నీ కోర్టొక్కటే, నీ జట్టంతా ఫెన్స్ పట్టుకుని అరుస్తోంది, నీ మొదటి సర్వ్ నెట్‌కి తగిలింది. ఆ రెండో సర్వ్ కోసం ఇప్పట్నుంచే రోజూ బుట్టెడు బంతులు కొట్టు.

పేరు చూసి యూనివర్సిటీని ఎంచుకోకు. పెద్ద జట్టులో బెంచీ మీద కూర్చోవడం కన్నా, నాలుగో నంబరుగా ప్రతి మ్యాచ్ ఆడే చోటు మేలు. కోచ్‌లు ముందు యూటీఆర్ రేటింగ్, అంటే నీ ఆట స్థాయిని చెప్పే అంకె, చూస్తారు. వాళ్లు ఫోన్ చేసినప్పుడు మొహమాటపడకుండా అడుగు: ఖర్చులో ఎంత భాగం స్కాలర్‌షిప్‌గా వస్తుంది, ఎన్నేళ్లకి ఇస్తున్నారు, గాయమైతే ఉంటుందా, వచ్చే ఏడాది జట్టులోంచి ఎవరెవరు వెళ్లిపోతున్నారు. చెప్పినదంతా రాసి ఇమ్మను. ఇంటర్ అయ్యాక టోర్నీలు ఆడుకుంటూ ఊరికే ఏళ్లు గడిపితే కాలేజీలో ఆడే అవకాశమే తగ్గిపోవచ్చు, అందుకే ఇప్పుడే మొదలుపెట్టు. చదువు విషయంలో నాకు టెన్షన్ లేదు, నువ్వు చదువుతావు.

రాకెట్‌కి గట్టింగ్ (తీగలు) నువ్వే వేసుకోవడం నేర్చుకో. డిగ్రీ అయ్యాక సర్క్యూట్‌కి వెళ్తానంటే నేనే ముందు సరేనంటాను. అప్పుడా ఒక్క పని చాలా డబ్బు మిగులుస్తుంది.

కోచ్‌లకు పంపే వీడియోలో మంచి షాట్లే ఏరి అతికించకు, పాయింట్లు మొత్తంగా ఉండాలి. శనివారం సాయంత్రానికే కాకినాడ వచ్చేయ్. ఆదివారం పొద్దున్నే ఆరింటికి, ఉక్కపోత మొదలవకముందే, బేస్‌లైన్ వెనక ఎత్తులో ఫోన్ పెట్టి నేనే తీస్తాను.

మీ అత్తయ్య