నాగజెముడు ఆకును కూరగా వండుకోవడం

టెక్సస్‌కు కొత్తగా వచ్చిన మన నెల్లూరు జిల్లా దంపతులు, మెక్సికన్ల కొట్టులో కూరగాయల పక్కన నాగజెముడు ఆకులు అమ్మడం చూసి, వాటిని నిజంగా తినవచ్చునా అని అడిగారు. ఉదయగిరి వైపు చేల గట్లమీద జెముడు చూస్తూ పెరిగినవారికి ఈ అనుమానం సహజమే. మొదటి ఏడాది నాకూ చెయ్యి రాలేదు.

అక్కడ నోపాలెస్ అనే పేరుతో అమ్మేది మన నాగజెముడుకు దగ్గరి చుట్టం. అయితే ఆ ధైర్యంతో ఊరికి వెళ్ళినప్పుడు కంచెలోని ప్రతి జెముడునూ కోయవద్దు. విరిస్తే పాలు కారే బొంతజెముడు, ఆకుజెముడు వేరే కుటుంబానివి, వాటి పాలు విషం.

అరచేయంత లేత ఆకులు ఎంచుకోవాలి. పెద్ద ముళ్ళు తీసి అమ్మినా, కంటికి ఆనని నూగు ముళ్ళు మిగిలి ఉంటాయి కనుక, ఆకును పట్టకారుతో పట్టుకొని, అంచు చుట్టూ సన్నగా కోసి, రెండువైపులా బుడిపెలను కత్తితో చెక్కి కడగాలి. తోలంతా ఒలవనక్కరలేదు. నూగు చేతికి గుచ్చుకుంటే రుద్దకుండా, అంటుకునే టేపు అద్ది లాగాలి.

ఇక జిగురు సంగతి బెండకాయ వండేవారికి కొత్త కాదు. ముక్కలను ఉప్పునీళ్ళలో 10 నుంచి 15 నిమిషాలు ఉడికించి వార్చి కడగవచ్చు. నేను మాత్రం, రుచి నీళ్ళపాలు కాకూడదని, వెడల్పాటి బాణలిలో మూత పెట్టకుండా జిగురు ఇగిరేదాకా వేయిస్తాను. తరువాత ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలతో పులుసు పెట్టుకోవచ్చు, లేదా వేయించిన వేరుశనగపప్పు, ఎండుమిరపకాయలతో పచ్చడి నూరి తిరగమాత వేసుకోవచ్చు. చింతపండు వేసేముందు ఒక ముక్క నోట్లో వేసుకొని చూడండి. ఈ మొక్క రాత్రిపూట గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చి మాలిక్ ఆమ్లమనే పులుపుగా దాచుకొని, పగలు ఖర్చు చేస్తుంది. అందుకే తెల్లవారుజామున కోసిన ఆకు మధ్యాహ్నం కోసినదానికన్నా పుల్లగా ఉంటుంది. మన అలవాటు కొలతతో పులుసు పిసికితే నోట పెట్టలేము.

దీనిలో ఆక్సలేట్లు ఎక్కువ కాబట్టి మూత్రపిండాల్లో రాళ్ళున్నవారు, రక్తంలో చక్కెరను తగ్గించే గుణం ఉన్నందున మధుమేహానికి మందులు వాడేవారు, వైద్యుణ్ణి అడిగి తినడం మేలు. మిగిలినవారు మొదటిసారి ముళ్ళు తీసి తరిగిన చిన్న పొట్లం కొని, పచ్చడితో మొదలుపెట్టండి. పులుసులో తేలే జిగురుకు కొత్తవారు జంకుతారు.